విజయవాడ, గుంటూరు థియేటర్ ఓనర్లకి, డిస్ట్రిబ్యూటర్లకి: పెద్ద గ్యాంగ్‌స్టర్ సినిమాలని కొయ్యకండి

గాంధీనగర్‌లో ఆఫీసులున్న డిస్ట్రిబ్యూటర్ గార్లకి, మన రెండు ఊళ్ళ థియేటర్ ఓనర్లకి, బుకింగ్ చూసే మేనేజర్లకి అందరికీ నమస్కారం అండి.

నేను ఆటోనగర్‌లో లారీలకి బాడీ కట్టే షెడ్డు నడుపుతా. అంతకుముందు మా నాన్నగారు నడిపేవారు. సినిమా వాళ్ళతో నాకు ఏ సంబంధమూ లేదు, టికెట్టు కొనుక్కుని చూసేవాణ్ణి, అంతే. కాకపోతే చిన్నప్పట్నుంచీ ఒకటే పిచ్చి, పెద్ద పెద్ద గ్యాంగ్‌స్టర్ సినిమాలు, అంటే మూడు గంటలు, మూడున్నర గంటలు ఉండి, ఒక మనిషి కుర్రాడిగా మొదలై ముసలాడై పోయేదాకా చూపించేవి. ఈ ఉత్తరం వాటి గురించే.

అసలు ఏం జరిగిందో ముందు చెప్తా. ఈమధ్య ఒక పెద్ద సినిమా వచ్చింది, పేరు చెప్పను, థియేటర్ పేరు కూడా చెప్పను, ఎవరినీ బజార్లో పెట్టాలని రాయట్లేదు ఇది. మొదటి రోజు ఫస్ట్ షో చూసా. నచ్చింది, బాగా నచ్చింది, అందుకని రెండో వారం మా నాన్నగారిని, మా ఆవిడని తీసుకెళ్ళా. చూస్తూ ఉంటే ఎక్కడో ఏదో తగ్గినట్టుంది. హీరో ముసలాడయ్యాక పాత ఊరికి వెళ్ళి, ఒకప్పటి తన ఫ్రెండ్ ఇంటి ముందు నిలబడి, లోపలికి వెళ్ళలేక తిరిగొచ్చే సీను ఉండాలి. లేదు. వాళ్ళమ్మ అతనితో మాట్లాడటం మానేసి కంచం పెట్టి లోపలికి వెళ్ళిపోయే సీను, అదీ లేదు. దాదాపు పావుగంట లేపేశారు. ఫైట్లు మాత్రం ఒక్కటి కూడా తగ్గలేదు. బయటికొస్తూ అక్కడున్న ఆయన్ని అడిగితే "స్లోగా ఉందన్నారండీ, ట్రిమ్ చేసి పంపారు" అన్నాడు. పైగా ఆఖరి షాట్‌లో అతను ఒంటరిగా కూర్చుని ఉంటే, ఇంకా సినిమా అవ్వకుండానే లైట్లు వేసేసి గేట్లు తీసేశారు. మా నాన్నగారు సీట్లోంచి లేవలేదు, "ఇంకా అవ్వలేదుగా" అన్నారు. ఆయనకి డెబ్భై ఆరు.

ఆ రాత్రి నిద్ర పట్టలా నాకు. మీకు చిన్న విషయం అనిపించొచ్చు గానీ, మీరు స్లో అని తీసేసింది ఏంటో ఒకసారి ఆలోచించండి. ఆ మనిషి చేసిన పనికి అతను కట్టే ఖరీదు ఎక్కడ ఉందో సరిగ్గా అదే తీసేశారు. మిగిలిందేంటి, కత్తి, కారు, కాలర్ ఎగరేసే ఎంట్రీ. పిల్లల్ని చెడగొడుతున్నాయని ఊరంతా తిట్టే సినిమా ఉందే, ఆ సినిమాని మీరు కోసి తయారు చేశారు, డైరెక్టర్ తీసింది అది కాదు.

మన ఊళ్ళో ఈ సంగతి ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు అనుకుంటా. 1988 డిసెంబర్ 26 తెల్లవారుజామున, నిరాహారదీక్షలో ఉన్న ఎమ్మెల్యే వంగవీటి మోహనరంగా గారిని చంపేశాక ఊరు ఎలా తగలబడిందో చూసినవాళ్ళం మనం. రాజకీయం మాట్లాడట్లేదు నేను, ఎవరి పక్షానా మాట్లాడట్లేదు. అప్పుడు నాకు పన్నెండేళ్ళు, మా ఇంటి మేడ మీంచి చూస్తే నాలుగు వైపులా పొగ, తర్వాత కర్ఫ్యూ, సడలించిన కాసేపట్లో మా అమ్మ పాల కోసం పరిగెత్తడం, మా నాన్నగారు షెడ్డు తాళం వేసి ఇంట్లో రేడియో పక్కనే కూర్చోవడం, అవి గుర్తున్నాయి. తర్వాత ఏడాదే అక్టోబర్‌లో శివ వచ్చింది. మన సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీలో చదువుకున్న రామ్ గోపాల్ వర్మ గారు తీసిన సినిమా అది, అందులో హీరో లాగినట్టు మా వయసు కుర్రాళ్ళంతా సైకిల్ చైను లాగడానికి ప్రయత్నించాం. రాదండీ. లింకు పిన్ను కొట్టి విప్పితే తప్ప చైను అలా ఊడి చేతిలోకి రాదు, చెయ్యంతా గ్రీజు అయ్యి వేళ్ళు చీరుకుపోతాయి. మా వీధి చివర సైకిల్ షాపు ఆయన రోజుకి ఎన్ని చైన్లు మళ్ళీ ఎక్కించాడో.

మా నాన్నగారు మాత్రం నన్ను కూర్చోబెట్టి చూపించింది శివ కాదు, నాయకుడు. మణిరత్నం గారు 1987లో తమిళంలో తీసింది, తెలుగు డబ్బింగ్. బొంబాయిలో ఉండే వరదరాజ ముదలియార్ జీవితం చూసి అల్లుకున్న కథ. అది మరీ పెద్ద సినిమా కాదు, రెండున్నర గంటల లోపే, కానీ అంతలోనే ఒక జీవితం మొత్తం ఉంది. తండ్రిని పోలీసులు కాల్చేస్తే పారిపోయిన పిల్లాడు, ఆఖర్న తెల్ల జుట్టుతో మనవడి ముందు నిలబడి, నువ్వు మంచివాడివా చెడ్డవాడివా అని ఆ పిల్లాడు అడిగితే జవాబు చెప్పలేకపోతాడు. మా నాన్నగారు సినిమా అయ్యాక ఏమీ చెప్పలేదు నాకు, బందరు రోడ్డు మీద నడుచుకుంటూ వచ్చాం, మిరపకాయ బజ్జీలు కొనిపెట్టారు. కానీ ఆయన దాన్నే ఎందుకు చూపించారో ఆ తర్వాత అర్థమైంది నాకు. శివ చూసి వచ్చినప్పుడు నా వేళ్ళకి గ్రీజు అంటింది, నాయకుడు చూసి వచ్చాక మా నాన్నగారు కూడా ఒకరోజు ముసలివాళ్ళయిపోతారు కదా అనిపించింది. రెండూ ఇష్టమే నాకు, ఈ వయసులో కూడా రెండూ ఇష్టమే, శివ 2025 నవంబర్‌లో మళ్ళీ రిలీజైతే వెళ్ళి చూసా. కానీ రెండో రకం సినిమాకి టైము కావాలి, ఒక మనిషి మన కళ్ళ ముందు ముసలాడు అవ్వాలి అంటే మనం కూడా సీట్లో కాస్త అలిసిపోవాలి.

నా దగ్గర ఒక కుర్రాడు పనిచేసేవాడు. వెల్డింగ్‌లో మంచి చెయ్యి వాడిది, పందొమ్మిదేళ్ళు. ఎవరో అన్న వెనక తిరగడం మొదలెట్టాడు, ఒక స్థలం సెటిల్‌మెంట్‌కి బ్యాచ్‌తో పాటు వెళ్ళాడు, అక్కడ గొడవయ్యింది, ఒకాయనకి చెయ్యి పోయింది. గొడవ మొత్తం పది నిమిషాలు కూడా జరగలేదంట. కేసు మాత్రం ఎనిమిదేళ్ళు నడిచింది. వాయిదా, వాయిదా, మళ్ళీ వాయిదా. ప్రతి వాయిదాకీ వాళ్ళమ్మ క్యారేజీ పట్టుకుని కోర్టు బయట చెట్టు కింద కూర్చునేది, వాడితోపాటు తిరిగిన అన్న రెండో వాయిదా తర్వాత కనపడలేదు, లాయరు ఫీజులకి ఇంటి మీద అప్పు, చెల్లెలి సంబంధం రెండుసార్లు తప్పిపోయింది. నేను రెండు మూడుసార్లు వెళ్ళా కోర్టుకి. ఆ ఎనిమిదేళ్ళలో సినిమావాళ్ళు తియ్యాల్సింది ఏముందండీ అంటే ఏమీ లేదు, బెంచీ మీద కూర్చోవడం, పేరు పిలుస్తారేమో అని చెవులు రిక్కించడం, సాయంత్రం బస్సెక్కి ఇంటికి పోవడం. కానీ రౌడీయిజం అంటే అదే. పది నిమిషాల గొడవ, ఎనిమిదేళ్ళ వాయిదాలు. చిన్న సినిమాలో గొడవ ఒక్కటే పడుతుంది. వాయిదాలు కూడా పట్టాలంటే సినిమా పెద్దది కావాలి. మీరు ట్రిమ్ చేసేది ఆ వాయిదాల్నే.

ఇప్పుడు ఇంగ్లీషు సినిమాల సంగతికొస్తా, ఎందుకంటే ఈ పనిని వాళ్ళు చేసినంత బాగా ఎవరూ చెయ్యలేదు. గాడ్‌ఫాదర్ మొదటిది 1972, కొప్పోలా తీసింది, నిడివి రెండు గంటల యాభై అయిదు నిమిషాలు. నేను మొదట చూసింది వీసీఆర్‌లో, తొంభైల్లో, మాటలు సగం అర్థం కాలేదు. కానీ మొదటి పాతిక నిమిషాలు ఒక పెళ్ళి అండీ. పెళ్ళి! బయట పాటలు, డాన్సులు, ఫోటోలు, పిల్లలు పరిగెడుతుంటారు, లోపల చీకటి గదిలో పెద్దాయన దగ్గరికి ఒక్కొక్కరూ వచ్చి గోడు చెప్పుకుంటుంటారు. కూతురి పెళ్ళి రోజున ఎవరైనా ఏదైనా అడిగితే కాదనకూడదని వాళ్ళ సిసిలీ ఆచారం. ఇది మనకెవరైనా వివరించాలా? మన పెళ్ళిళ్ళలో పందిట్లో ఒక మూల కుర్చీ వేసుకుని కూర్చునే పెదనాన్న దగ్గరికి పొలం గట్టు తగాదా దగ్గర్నుంచి కాలేజీ సీటు దాకా ఎన్ని వస్తాయో మీరూ చూసే ఉంటారు. ఆ పాతిక నిమిషాల్లో ఒక్క చావు కూడా లేదు. చిన్న కొడుకు మైకేల్ మిలిటరీ యూనిఫామ్‌లో వచ్చి, తనకి కాబోయే పిల్లతో, అదంతా మా ఇంట్లోవాళ్ళు, నేను అలాంటివాణ్ణి కాదు అని చెప్తాడు. ఆ మాట అబద్ధం అవ్వడానికి దాదాపు మూడు గంటలు పడుతుంది, ఆఖర్న అదే అమ్మాయి మొహం మీద తలుపు మూసుకుంటుంది. మధ్యలో ఏ పావుగంట తీసినా ఆ తలుపు మామూలు తలుపు అయిపోతుంది.

అందులో ఇంకో సంగతి, తిండి. క్లెమెంజా అనే లావుపాటి ఆయన, ఇరవైమందికి టమాటా కూర ఎలా వండాలో మైకేల్‌కి దగ్గరుండి నేర్పిస్తాడు, నూనె, వెల్లుల్లి, ఆ తర్వాత టమాటా, అడుగంటకుండా చూసుకో అని. 1990లో వచ్చిన గుడ్‌ఫెల్లాస్‌లో జైల్లో ఉన్నవాళ్ళు వెల్లుల్లిని బ్లేడుతో పల్చగా కోసుకుంటారు, నూనెలో కరిగిపోయేంత పల్చగా. ఈ సీన్లు కథకి అక్కర్లేదు, ఎడిటర్ని అడిగితే ముందు లేపేసేవి ఇవే. కానీ వీళ్ళు రాక్షసులు కాదు, మనింట్లోవాళ్ళలాగే అన్నం తినే మనుషులు అని తెలిసేది ఈ సీన్లలోనే. అది తెలిస్తేనే కదా తర్వాత వాళ్ళు చేసేది చూసి కడుపులో తిప్పేది.

గాడ్‌ఫాదర్ రెండో భాగం 1974, మూడు గంటల ఇరవై నిమిషాలు. తండ్రి కుర్రతనంలో పైకి రావడం ఒక పక్క, కొడుకు పైనే ఉండి ఒక్కొక్కళ్ళనీ పోగొట్టుకోవడం ఇంకో పక్క, రెండూ పక్కపక్కన నడుస్తాయి. తండ్రి చుట్టూ మనుషులు పెరుగుతుంటారు, కొడుకు చుట్టూ తగ్గుతుంటారు. ఆఖర్న అందరూ పోయాక మైకేల్ చెరువు పక్కన కుర్చీలో ఒక్కడే కూర్చుని ఉంటాడు, ఆకులు రాలుతుంటాయి. నాకు అది చూసినప్పుడల్లా మౌసల పర్వం గుర్తొస్తుంది. యాదవులంతా తాగి ఒకళ్ళనొకళ్ళు కొట్టుకు చచ్చాక కృష్ణుడు చెట్టు కింద ఒంటరిగా పడుకుని ఉండటం, ఎవరో బోయవాడి బాణం తగలడం.

భారతం మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. జనానికి ఓపిక లేదు, మూడు గంటలు కూర్చోరు అని మీరు అంటారు. తింటే గారెలు తినాలి, వింటే భారతం వినాలి అనుకునే జాతి మనది. పద్దెనిమిది పర్వాల్లో అసలు యుద్ధం భీష్మ, ద్రోణ, కర్ణ, శల్య, నాలుగంటే నాలుగు పర్వాలు. ఆ తర్వాత ఇంకా తొమ్మిది ఉన్నాయి. నిద్రపోతున్నవాళ్ళని చంపడం, ఆడవాళ్ళు శవాల మధ్య తిరుగుతూ ఏడవడం, గెలిచిన ధర్మరాజు నాకీ రాజ్యం వద్దు అని కుమిలిపోవడం, ధృతరాష్ట్రుడు, గాంధారి, కుంతి అడవికి పోయి కార్చిచ్చులో పోవడం, చివరికి పాండవులు కూడా నడుస్తూ నడుస్తూ ఒక్కొక్కళ్ళే రాలిపోవడం. అన్నదమ్ముల ఆస్తి తగాదా కథకి వ్యాసుడు ఇంత తోక ఎందుకు పెట్టాడు? యుద్ధం దగ్గర ఆపేస్తే అది గెలిచినవాళ్ళ కథ అయిపోతుంది కాబట్టి. మన ఊళ్ళల్లో పద్య నాటకాలు రాత్రి మొదలై తెల్లారేదాకా ఆడేవి, పైగా వన్స్ మోర్ అని అరిచి పద్యం మళ్ళీ పాడించుకుని ఇంకా పొడిగించేవాళ్ళు జనం. లవకుశ 1963లో వచ్చింది, మూడు గంటల పైనే. రామారావు గారి దానవీరశూరకర్ణ 1977 సంక్రాంతికి వచ్చింది, మూడున్నర గంటల పైనే, మా నాన్నగారు ఇప్పటికీ అందులో దుర్యోధనుడి డైలాగులు షెడ్డులో చెప్తుంటారు. ఈ సినిమాలు ఆడించింది మీ నాన్నగార్లు, మీ తాతగార్లే కదండీ. 1921లోనే మారుతి హాలు వచ్చిన ఊరు ఇది.

అంతెందుకు, 2024 డిసెంబర్లో పుష్ప రెండో భాగం మూడు గంటల ఇరవై నిమిషాలు వచ్చింది, జనం కూర్చున్నారు, నెలన్నర తిరక్కుండా ఇంకో ఇరవై నిమిషాలు కలిపి మళ్ళీ వేశారు, మళ్ళీ వచ్చారు. కాబట్టి ఓపిక మాట అనకండి దయచేసి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. ట్రిమ్ చేస్తే డబ్బులొస్తాయి అనుకునేవాళ్ళు ఇది తప్పకుండా తెలుసుకోవాలి. సెర్జియో లియోనే అని ఇటలీ డైరెక్టర్, కౌబాయ్ సినిమాలు తీసినాయన, చాలా ఏళ్ళు కష్టపడి వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ అమెరికా అని గ్యాంగ్‌స్టర్ సినిమా తీశాడు, 1984లో వచ్చింది. అసలు ఆయనకి రెండు భాగాలుగా వెయ్యాలని ఉండేదంట, కుదరక మూడు గంటల నలభై తొమ్మిది నిమిషాలకి తెచ్చాడు. యూరప్‌లో అలాగే వేశారు. అమెరికాలో మాత్రం అక్కడి కంపెనీవాళ్ళు ఇది చాలా పెద్దది, ముందుకీ వెనక్కీ తిరుగుతోంది, జనానికి అర్థం కాదు అని గంటన్నర కోసేసి, రెండు గంటల పందొమ్మిది నిమిషాలు చేసి, కథని చిన్నతనం నుంచి ముసలితనం దాకా వరసగా పేర్చేశారు. ముసలాడు తన జీవితాన్ని తలుచుకుంటున్న సినిమా కాస్తా ఒకదాని తర్వాత ఒకటి జరిగే మామూలు దొంగల కథ అయ్యింది. ఫ్లాపు. ఘోరమైన ఫ్లాపు. పెద్ద వెర్షన్ చూసినవాళ్ళు గొప్ప సినిమా అన్నారు, చిన్న వెర్షన్ చూసినవాళ్ళు తలా తోకా లేదన్నారు, తీసింది ఒకే సినిమా. లియోనే 1989లో పోయాడు, దాని తర్వాత ఇంకో సినిమా తియ్యలేదు. 2012లో పోయిన సీన్లు కొన్ని వెతికి పట్టుకుని, కలిపి, నాలుగు గంటల పైన చేసి కాన్స్ ఫిలిం ఫెస్టివల్‌లో వేశారు. అప్పటికి ఆయన పోయి ఇరవై మూడేళ్ళు.

అందులో ఒక సీను ఉంది, నాకు ఈ జాతి సినిమాలన్నిటిలోకీ ఇష్టమైన సీను. పేటలో ఒక కుర్రాడు ఒక అమ్మాయి కోసం క్రీము పెట్టిన కేకు కొనుక్కుని వాళ్ళింటి గుమ్మం దగ్గర మెట్ల మీద కూర్చుని ఎదురు చూస్తాడు. ఆ పిల్ల స్నానం చేస్తోంది, ఇంకా రాలేదు. వీడు కాగితం తీసి వేలితో కొంచెం క్రీము నాకుతాడు. మళ్ళీ మూసేస్తాడు. మళ్ళీ తీస్తాడు. చూస్తుండగానే మొత్తం తినేస్తాడు. అంతే సీను. మాటల్లేవు, ఎన్నియో మొరికోనె సంగీతం, ఒక పిల్లాడు కేకు తినడం. పెద్దయ్యాక వీళ్ళు ఏమవుతారో తెలిసినవాడికి ఆ సీను చూస్తే గొంతు పట్టుకుంటుంది. మా షెడ్డు కుర్రాడు మొదటి జీతంతో చెల్లెలికి జడ క్లిప్పులు కొని, చేతికి గ్రీజు అంటిందని ఆ కాగితం పొట్లాన్ని నన్ను పట్టుకోమన్నాడు ఒకసారి. అలాంటి సీను ఏ ఎడిటింగ్ టేబుల్ మీదా నిలబడదు, కథకి అక్కర్లేదు కాబట్టి.

హిందీలో గ్యాంగ్స్ ఆఫ్ వాసేపూర్ అయిదు గంటల పైన తీశారు అనురాగ్ కశ్యప్ గారు. కాన్స్‌లో మొత్తం ఒకేసారి వేశారు, ఇక్కడ అంత సేపు ఎవరూ వెయ్యరని 2012 జూన్‌లో ఒక ముక్క, ఆగస్టులో ఒక ముక్క. బొగ్గు గనుల దగ్గర తాతతో మొదలైన పగ మనవడి దాకా వస్తుంది. నేను రెండు ముక్కలూ వేర్వేరుగా చూసా, తర్వాత ఒక ఆదివారం ఇంట్లో వరసపెట్టి చూసా. వేర్వేరుగా చూస్తే మనవడు హీరో. వరసగా చూస్తే, వాడు పుట్టకముందే వాడి చావు వాళ్ళ తాత నోట్ చేసి పెట్టాడు అనిపిస్తుంది.

స్కోర్సెసీ తీసిన ఐరిష్‌మాన్ 2019లో వచ్చింది, మూడు గంటల ఇరవై తొమ్మిది నిమిషాలు. అది ఓటీటీ కంపెనీది, మన హాళ్ళల్లోకి రాలేదు. ఇంట్లో టీవీలో చూసా. మూడు రోజులు పట్టింది నాకు. ఫోను మోగుతుంది, కుక్కరు కూత పెడుతుంది, ఎవరో తలుపు కొడతారు, పాజ్ నొక్కుతాం, మర్నాడు చూద్దాంలే అంటాం. ఆఖరి అరగంట ఏంటంటే, ఒకప్పుడు ఎంతమందినో చంపినవాడు ముసలాడై చేతికర్రతో నడుస్తూ తన శవపేటిక తనే వెళ్ళి బేరమాడుకుంటాడు, కూతురు బ్యాంకులో పనిచేస్తుంటే మాట్లాడదామని వెళ్తాడు, ఆ పిల్ల కౌంటర్ మూసేసి వెళ్ళిపోతుంది. వృద్ధాశ్రమంలో గది తలుపు కొంచెం తెరిచి ఉంచమని చర్చి ఫాదర్‌ని అడుగుతాడు. ఎవరూ రారు. దాన్ని పాజ్ నొక్కి చూడకూడదండీ. మూడు గంటలు అతని పక్కన కూర్చుని, నడుం నొప్పి పుట్టి, అప్పుడు ఆ తలుపు చూడాలి. మొత్తం హాలు చూడాలి, నా పక్కన తెలియనివాడు గట్టిగా ఊపిరి వదలడం వినపడాలి. అది మీ హాల్లో తప్ప ఇంకెక్కడా దొరకదు, ఓటీటీ వచ్చాక మీ దగ్గర అమ్మడానికి మిగిలిన సరుకు అదొక్కటే అని నా నమ్మకం.

మీ కష్టం తెలియక రాయట్లేదు. రోజుకి నాలుగు షోలు పడాలి, మూడున్నర గంటల సినిమా అయితే నాలుగో షో అర్ధరాత్రి దాటి రెండింటికి వదుల్తారు, కరెంటు, ఏసీ, స్టాఫు, పార్కింగ్ ఖాళీ చేయించడం, అన్నీ ఉన్నాయి. గుంటూరు వైపు, తెనాలి వైపు పోయేవాళ్ళు బస్టాండ్‌కి పరిగెత్తాలి. తెలుసు. నేను కూడా షెడ్డు నడుపుతున్నా, అద్దె రోజులు ఎలా ఉంటాయో తెలుసు. మా దగ్గరికి కూడా వస్తారు, బాడీ అడుగున అడ్డంగా వేసే క్రాస్ బేరర్లు రెండు తగ్గించండి, రేటు తగ్గుతుంది, పైకి కనపడవుగా అని. కనపడవు, రంగు వేశాక అస్సలు కనపడవు. లోడు ఎక్కి ఘాట్ రోడ్డులో మలుపు తిరిగినప్పుడు తెలుస్తుంది. మేం తగ్గించం.

కాబట్టి నేను అడిగేది ఇది. కొత్తగా వచ్చే పెద్ద సినిమాని మొదటి వారం ఏ నిడివితో వేశారో చివరి రోజు దాకా అలాగే వెయ్యండి, కొత్త సీన్లు కలిపితే కలపండి గానీ తియ్యకండి, నిర్మాతలు ట్రిమ్ చేసి పంపుతామంటే డిస్ట్రిబ్యూటర్లుగా మీరు ఒక మాట అడ్డం చెప్పండి. ఒకవేళ కొయ్యక తప్పకపోతే బయట బోర్డు మీద నిడివి రాయండి, చూడాలో వద్దో మేం తేల్చుకుంటాం. ఇంటర్వెల్ డైరెక్టర్ పెట్టిన చోటే ఇవ్వండి, ఇంగ్లీషు సినిమాలకి అయితే క్యాంటీన్ టైము చూసి మాట మధ్యలో ఆపేస్తున్నారు, ఒకసారి ఒకడు ట్రిగ్గర్ మీద వేలు పెట్టగానే ఆపేసి పాప్‌కార్న్ యాడ్ వేశారు. ఆఖరి పేరు పడేదాకా లైట్లు వెయ్యొద్దు. పెద్దలకి మాత్రమే అని సర్టిఫికెట్ ఉన్న సినిమాకి పిల్లల్ని రానివ్వకండి, అది గట్టిగా పాటించండి, పాటిస్తే ఈ సినిమాల మీద తల్లులకి ఉన్న కోపం సగం తగ్గుతుంది.

ఇంకొకటి. రీ-రిలీజులు బాగానే ఆడిస్తున్నారు ఈమధ్య, పుట్టినరోజులకి హాళ్ళు నిండుతున్నాయి. నెలకి ఒక్క ఆదివారం, పొద్దున తొమ్మిదింటికి, ఒకే ఒక్క షో, ఇలాంటి పెద్ద గ్యాంగ్‌స్టర్ సినిమా ఒకటి పూర్తి నిడివితో వెయ్యండి. మొదట నాయకుడు వెయ్యండి, అది అందరికీ అర్థమవుతుంది. తర్వాత గాడ్‌ఫాదర్ రెండూ. తర్వాత లియోనే సినిమా, పెద్ద వెర్షన్. వాసేపూర్ రెండు ముక్కలూ ఒకే రోజు, మధ్యలో భోజనానికి గంట వదలండి, గాంధీనగర్‌లో హోటళ్ళకి కొదవా. అలా వేస్తే సెకండ్ షో గొడవ లేదు, గుంటూరు వాళ్ళు మధ్యాహ్నం బస్సుకి ఇంటికెళ్ళిపోతారు, మీ రెగ్యులర్ షోలు రెండు పోతాయి, కాదనను, ఆ హాలు అద్దె ఎంతో చెప్పండి, మేం కొందరం కలిసి ముందే కట్టడానికి సిద్ధంగా ఉన్నాం. ఆటోనగర్‌లో మా వరసలోనే పద్నాలుగు మందిమి ఉన్నాం, పెయింటర్లు, టింకరింగ్ వాళ్ళు, ఇద్దరు లారీ ఓనర్లు. ఆ వెల్డింగ్ కుర్రాడు కూడా వస్తానన్నాడు. ఇప్పుడు కుర్రాడు కాదులెండి, కొట్టేశారు కేసు, సొంతంగా గ్రిల్స్ షాపు పెట్టుకున్నాడు, వాళ్ళమ్మని కూడా తీసుకొస్తాడంట.

మా నాన్నగారికి మోకాళ్ళ నొప్పి, నడవ పక్కన సీటు ఒకటి కావాలి, మెట్లు తక్కువున్న చోట. ఆయన ఆఖరిదాకా లేవరు.